నాడు రంగం మేస్త్రీ, నేడు కెనడా కన్సల్టెన్సీ: అద్దె పెరిగితే మన గుంటలదేనా తప్పు?

మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళల్లో ముసలోళ్ళ కాడ కూకొని "రంగం" అని ఒక్క మాట అనండి. ఏదో ఒక కథ బయటికొస్తాది. ఒకరి తాత అక్కడ రేవులో బస్తాలు మోసినాడు, ఇంకొకరి పెదనాన్న రిక్షా లాగినాడు. రంగం అంటే రంగూన్, ఇప్పుడు యాంగోన్ అంటున్నారు. ఆ తాతల మనవలు, ముని మనవల నోట్లో ఇప్పుడు రంగం మాట లేదు. కెనడా ఉన్నాది. మొన్న మొన్నటి దాకా విశాఖ ద్వారకానగర్‌లో ఏ మేడ మెట్లెక్కినా కెనడా బోర్డే. ఇప్పుడు అదే గోడ మీద జర్మనీ, ఐర్లాండ్ అని కొత్త కాగితాలు అంటించీసినారు.

ఏటయిపోనాది కెనడాకి? టీ కొట్టు కాడ అడిగినా, వాట్సాప్ గ్రూపులో అడిగినా ఒకటే జవాబు. "మనోళ్ళు ఎక్కువైపోనారు. అద్దెలు పెరిగిపోనాయి, ఉద్యోగాలు లేకుండా పోనాయి. అందుకే ఆళ్ళు తలుపులు మూసీసినారు." ఈ మాట కెనడా వోళ్ళు అంటే అర్థముంది. అప్పు చేసి కొడుకుని పంపిన మనోళ్ళే అంటుంటే, నిజమేటో ఓపాలి చూడాలనిపించినాది.

ముందు లెక్కల్లోకి ఎల్దాం. 2023 ఆఖరికి కెనడాలో స్టడీ పర్మిట్ ఉన్నోళ్ళు 10 లక్షలు దాటినారు. అందులో మన దేశపోళ్ళదే పెద్ద వాటా. మొత్తం దేశం జనాభా చూస్తే 4 కోట్లు, ఆంధ్ర జనాభా కంటే తక్కువ. 2024 జనవరి 22న అప్పటి ఇమ్మిగ్రేషన్ మంత్రి మార్క్ మిల్లర్ కొత్త పర్మిట్ల మీద పరిమితి పెట్టినాడు. ఆ ఏడాదికి 3 లక్షల 60 వేలు మాత్రమే అన్నాడు, అంటే అంతకు ముందేడాది కంటే 35 శాతం కోత. అదే ఏడాది నవంబరులో మనోళ్ళు ఎక్కువగా వాడుకునే ఎస్‌డీఎస్ దారి మూసీసినారు. 2025 నవంబరు బడ్జెట్‌లో చూస్తే 2026కి కొత్తగా రానిచ్చే విద్యార్థులు 1 లక్షా 55 వేలు మాత్రమే, ఆ తరవాత రెండేళ్ళూ 1 లక్షా 50 వేలు చొప్పున. చేతిలో చూపించాల్సిన డబ్బు 10 వేల డాలర్లుండేది. 2024 జనవరి నుంచి 20,635 చేసినారు, 2025 సెప్టెంబరు నుంచి 22,895 చేసినారు. మన రూపాయల్లో పద్నాలుగు లక్షల దాకా, ఫీజు కాక.

మరి ఈ పది లక్షల మందిని పిలిచిందెవరు? ఆళ్ళంతట ఆళ్ళు పడవేసుకొని పోలేదు కదా.

ఇక్కడ ఒంటారియో అనే రాష్ట్రం కథ తెలియాలి. టొరంటో, బ్రాంప్టన్ ఉన్నది అక్కడే, మన గుంటలు ఎక్కువగా దిగిందీ అక్కడే. 2019లో డగ్ ఫోర్డ్ సర్కారు స్థానిక విద్యార్థుల కాలేజీ ఫీజు 10 శాతం తగ్గించి, అక్కడే ఆపీసినాది. వినడానికి బాగుంది. అయితే తగ్గిన ఆ డబ్బు సర్కారు ఖజానా నుంచి కాలేజీలకి ఇవ్వాలి కదా? ఇవ్వలేదు. మరి కాలేజీలు ఏటి చేసినాయి? విదేశీ విద్యార్థి ఫీజు మీద పరిమితి లేదు, స్థానికుడి కంటే నాలుగైదు రెట్లు లాగొచ్చు. అటు తిరిగినాయి. 2021లో ఒంటారియో ఆడిటర్ జనరల్ (మన కాగ్ లాంటి సంస్థ) రాసిన రిపోర్టు ఉన్నాది. ఆ రాష్ట్రం ప్రభుత్వ కాలేజీలకి ఫీజుల మీద వచ్చే ఆదాయంలో 68 శాతం విదేశీ విద్యార్థులదే. ఆ విద్యార్థుల్లో 62 శాతం మన దేశపోళ్ళు. ఇంకోలా చెప్పాలంటే, ఉద్దానంలో జీడితోట తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు కెనడాలో పంతుళ్ళ జీతాలయినాది. ఆ పంతుళ్ళ కాడ చదివిన కెనడా గుంటలు తక్కువ ఫీజు కట్టినారు. ఎవరు ఎవరిని పోషించినారో మీరే లెక్కేసుకోండి.

కొన్ని కాలేజీలయితే ప్రైవేటోళ్ళతో కలిసి టొరంటో చుట్టుపక్కల అద్దె భవనాల్లో క్లాసులు తెరిసీసినాయి. హాస్టలు లేదు, సర్టిఫికెట్ మాత్రం ప్రభుత్వ కాలేజీది. పది మంది ఒక బేస్‌మెంట్లో ఎందుకు పడుకున్నారంటే, పదివేల మందిని చేర్చుకున్న కాలేజీ ఒక్క గదీ కట్టలేదు గనక. 2024లో ఈ ప్రైవేటు భాగస్వామ్యం కోర్సులకి వర్క్ పర్మిట్ ఆపీసినారు. మంచిదే. అయితే శిక్ష పడింది ఎవరికి? సంతకం పెట్టిన యాజమాన్యాలకి కాదు.

పని గంటల సంగతి ఇంకా బాగుంటాది. చదువుకొనేవోడు బయట వారానికి 20 గంటలకి మించి పని చెయ్యకూడదని రూలు. 2022 నవంబరులో ఆ రూలు ఎత్తీసినారు. కారణం దాచలేదు కూడా: కరోనా తరవాత హోటళ్ళలో, గోదాముల్లో పనోళ్ళు దొరకడం లేదు. 2024 ఏప్రిల్ ఆఖరు దాకా ఎన్ని గంటలైనా చేసుకోమన్నారు. ఆ తరవాత పనోళ్ళు చాలనిపించినారు, రూలు తిరిగొచ్చినాది. ఇప్పుడు 24 గంటలు. కావలసినప్పుడు "విద్యార్థి" కూలోడయినాడు, వద్దన్నప్పుడు కూలోడు మళ్ళీ విద్యార్థి అయిపోనాడు.

అద్దెల మాటకొస్తే, ఒకటి దాచకుండా ఒప్పుకోవాలి. రెండు మూడేళ్ళలో అంత మంది ఒకేపాలి దిగితే అద్దె మీద ఒత్తిడి పడతాది. 2023లో కెనడా జనాభా 3.2 శాతం పెరిగినాది. 1957 తరవాత అంత పెరుగుదల లేదు. విద్యార్థుల్ని తగ్గించిన తరవాత 2024 ఆఖరు నుంచి అద్దెలు కొంత దిగినాయి కూడా. ఇది కాదని వాదించే పురోగామి మిత్రులతో నాకు పేచీ ఉన్నాది. జనం అద్దె రసీదు చూసి మాట్లాడతారు, మన సిద్ధాంతం చూసి కాదు.

కానీ కథ 2022లో మొదలవలేదు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత కెనడా సర్కారు సొంతంగా డబ్బు పెట్టి, తక్కువ అద్దెకి లక్షల ఇళ్ళు కట్టించినాది. కో-ఆపరేటివ్ ఇళ్ళకీ డబ్బిచ్చినాది. 1993 బడ్జెట్‌లో కేంద్రం కొత్త ఇళ్ళకి ఆ డబ్బు ఆపీసినాది. ముందున్న కన్సర్వేటివ్‌లు ఆపితే, తరవాతొచ్చిన లిబరల్స్ దాన్నే కొనసాగించినారు. "ఇళ్ళ సంగతి మార్కెట్ చూసుకుంటాది" అన్నారు. మార్కెట్ చూసుకున్నాది, పెట్టుబడిదార్ల కోసం అపార్ట్‌మెంట్లు కట్టినాది. టొరంటో, వాంకూవర్‌లో మామూలు ఉద్యోగి ఇల్లు కొనలేని పరిస్థితి మన గుంటలు దిగడానికి చాలా ఏళ్ళ ముందే వచ్చీసినాది. ముప్పై ఏళ్ళ బట్టి కట్టని ఇల్లు ఎక్కడుంటాది? లేని ఇంటి కోసం ఇద్దరు కొట్టుకుంటే, తప్పు ఆఖర్న వచ్చినోడిదంటున్నారు.

ఈ కొట్లాటకి ఒక పాత రూపం ఉన్నాది. అది మన తాతలదే.

అప్పటి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి స్టీమరెక్కి రంగం పోయినోళ్ళని బర్మా వోళ్ళు, ఇంగ్లీషోళ్ళు "కొరంగీలు" అన్నారు, కాకినాడ కాడున్న కోరంగి రేవు పేరు మీద. ఊళ్ళోకి మేస్త్రీ వచ్చేవోడు. చేతిలో బయానా పెట్టి, టిక్కెట్టు కొని తీసుకుపోయేవోడు. ఆ అప్పు తీరే దాకా కూలిలో కోత. 1931 నాటికి రంగూన్ నగరంలో సగం పైన జనం భారతీయులే. రేవులో బరువు మోసేవోళ్ళు దాదాపు అంతా తెలుగోళ్ళు.

1930 మేలో ఈ రేవు కూలీలు సమ్మె కట్టినారు. రోజుకి రూపాయిన్నర కూలి రెండు రూపాయలు చెయ్యమన్నారు. ఓడల కంపెనీలు ఏటి చేసినాయంటే, అప్పటి దాకా రేవులో పని ఇవ్వని బర్మా కూలీలని తెచ్చి సమ్మె విరగ్గొట్టే పనిలో పెట్టినాయి. తరవాత తెలుగోళ్ళతో రాజీ కుదిరినాది. మళ్ళీ ఆళ్ళని పనిలోకి తీసుకొని, బర్మా కూలీలని పొమ్మన్నాయి. మే 26న రేవులో రెండు గుంపులూ ఎదురుపడినాయి. రోజుల తరబడి నెత్తురు పారినాది. వంద మందికి పైగా చచ్చిపోయినారు, ఎక్కువ మంది మన తెలుగు కూలీలే. కంపెనీ దొర ఒంటి మీద గీత పడలేదు. బర్మా కూలోడి కోపం అబద్ధం కాదు. ఆడి ఊరు, ఆడి రేవు, ఆడికే పని లేదు. కానీ ఆడిని పనికి దూరం పెట్టినోడు, తెచ్చుకున్నోడు, తగిలేసినోడు ఒకడే. ఆడు మాత్రం గొడవలో లేడు.

ఆ తరవాత 1942లో జపానోళ్ళ బాంబులు పడితే లక్షల మంది నడిచి తిరిగొచ్చినారు, దారిలో రాలిపోయినోళ్ళు వేలల్లో. 1960ల్లో నే విన్ మిలిటరీ సర్కారు వ్యాపారాలు జాతీయం చేసి మిగిలినోళ్ళనీ పంపీసినాది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంప్ అనే పేట అలగ వచ్చినదే.

కెనడా రంగం కాదు. అక్కడ కత్తులు దూయలేదు, కోర్టులున్నాయి, ఓటుంది. కానీ గీత ఒకటే. ఒంటారియోలో చౌక కూలీగా, పెద్ద ఫీజుగా ఒకడిని తెచ్చినారు. ఇల్లు లేని స్థానికుడిని ఆడి మీదకి వదిలినారు. 2024లో బ్రాంప్టన్‌లో ఒక ఫుడ్ బ్యాంకు విదేశీ విద్యార్థులకి తిండి ఇవ్వం అని చెప్పీసినాది. ఆ ఏడాది మార్చి ఒక్క నెలలోనే కెనడా ఫుడ్ బ్యాంకులకి 20 లక్షలకి పైగా సార్లు జనం వచ్చినారు. అంత ధనిక దేశంలో అన్ని సార్లు చెయ్యి చాచాల్సి రావడం ఒక్క విద్యార్థి వల్లే అయిపోదు కదా.

పార్టీలు ఏటి చేస్తున్నాయి? పదేళ్ళు ఏలిన జస్టిన్ ట్రూడో 2025 జనవరిలో తప్పుకుంటానన్నాడు. కెనడా, ఇంగ్లండ్ రెండు దేశాల సెంట్రల్ బ్యాంకులకీ గవర్నరుగా చేసిన మార్క్ కార్నీ మార్చిలో లిబరల్ ప్రధాని అయినాడు. అమెరికాలో ట్రంప్ "కెనడా మా 51వ రాష్ట్రం" అని సుంకాలు వేస్తుంటే, జనం భయపడి కార్నీ వెనక్కి చేరినారు. ఏప్రిల్ 28 ఎన్నికల్లో 343 సీట్లలో లిబరల్స్‌కి 169 వచ్చినాయి. మెజారిటీకి మూడు తక్కువ. కన్సర్వేటివ్ నాయకుడు పియెర్ పొయిలీవ్ర్ సొంత సీట్లోనే ఓడిపోయి, ఆగస్టు ఉప ఎన్నికలో అల్బర్టా నుంచి మళ్ళీ సభకొచ్చినాడు. కార్నీ ఏటా 5 లక్షల ఇళ్ళు కట్టే స్థాయికి తీసుకెళ్తానన్నాడు. 2025 సెప్టెంబరులో 13 వందల కోట్ల డాలర్లతో ఒక సర్కారీ ఇళ్ళ సంస్థ పెట్టినాడు. 1993లో ఒగ్గీసిన పని మళ్ళీ చేత్తో పట్టుకోవడం మంచిదే. కానీ బడ్జెట్‌లో ఒక పక్క మిలిటరీకి ఖర్చు పెంచి, ఇంకో పక్క ప్రభుత్వ ఉద్యోగాలు కోస్తున్నాడు.

మాకు ఎక్కువ బాధ కలిగించినది ఎన్‌డీపీ గతి. మన భాషలో చెప్పాలంటే అది అక్కడి కార్మిక పక్షం. ససకాచవాన్ రాష్ట్రంలో 1962లో అందరికీ ఉచిత వైద్యం తెచ్చిన వరస ఆళ్ళది, తరవాత అదే దేశమంతా అయినాది. 2022 మార్చిలో ట్రూడో మైనారిటీ సర్కారుకి మద్దతిచ్చి, బదులుగా పేదోళ్ళకి పళ్ళ వైద్యం, మందుల చట్టం సాధించినారు. ఇంకోటి కూడా సాధించినారు, మన రేవు కూలీల కథ తెలిసినోళ్ళకి అది బేగి అర్థమవుతాది. 2024లో పాసయి, 2025 జూన్ 20 నుంచి అమలైన ఆ చట్టం ప్రకారం రైళ్ళు, విమానాలు, రేవులు, బ్యాంకులు లాంటి కేంద్ర పరిధి సంస్థల్లో సమ్మె జరుగుతుంటే బయటి కూలీలని తెచ్చి పెట్టకూడదు. 1930లో రంగంలో ఈ చట్టముంటే ఆ బర్మా కూలోడిని సమ్మె విరగ్గొట్టడానికి తెచ్చేవోరు కాదు.

అంత చేసిన పార్టీ 2025లో 7 సీట్లకి పడిపోనాది. అంతకు ముందు 25 ఉండేవి. నాయకుడు జగ్మీత్ సింగ్ ఓడి రాజీనామా చేసినాడు. ట్రంప్ భయంతో ఓట్లు లిబరల్స్‌కి పోయాయన్నది నిజం. కానీ అద్దె కట్టలేని కుర్రోడికి "నీ శత్రువు వలసోడు" అని కన్సర్వేటివ్‌లు ఒక్క ముక్కలో చెప్తే, ఎన్‌డీపీ దానికి ఎదురు మాట అంత గట్టిగా చెప్పలేకపోనాది. 2025 ఆగస్టులో అక్కడ యువతలో నిరుద్యోగం 14.5 శాతం. సెప్టెంబరులో పొయిలీవ్ర్ తాత్కాలిక విదేశీ కార్మికుల పథకమే ఎత్తీయమన్నాడు. బ్రిటిష్ కొలంబియా ఎన్‌డీపీ ముఖ్యమంత్రి డేవిడ్ ఈబీ కూడా దాదాపు అదే మాట అన్నాడు. ఆ పథకం మంచిదని నేననను. ఒకే యజమానికి కట్టేసే పర్మిట్ అది. ఆడు తిట్టినా, జీతం ఎగ్గొట్టినా, పని మానితే ఆ పర్మిట్ మీద ఇంకో యజమాని కాడ పని చెయ్యడానికి ఉండదు. 2023లో ఐక్యరాజ్యసమితి ప్రతినిధి తొమొయా ఒబొకాత దాన్ని ఆధునిక బానిసత్వానికి పుట్టిల్లు అన్నాడు. అయితే బానిసని వదిలేయడానికి సంకెల తీసేయాలి. ఆడిని ఓడెక్కించి పంపీయడం కాదు. యజమాని మార్చుకునే హక్కు, అక్కడే స్థిరపడే దారి ఇస్తే చౌక కూలీ అన్నదే ఉండదు. స్థానికుడి జీతమూ నిలుస్తాది.

ఈ ఎదురు మాట పార్టీల కంటే గట్టిగా చెప్పినోళ్ళు ఆ గుంటలే. బ్రాంప్టన్‌లో 2021లో పంజాబీ విద్యార్థులు, కార్మికులు కలిసి నౌజవాన్ సపోర్ట్ నెట్‌వర్క్ పెట్టుకున్నారు. జీతం ఎగ్గొట్టిన యజమాని కొట్టు ముందు, ఇంటి ముందు బోర్డులు పట్టుకొని నిలబడి డబ్బు రాబట్టినారు. 2023లో ఏజెంటు ఇచ్చిన దొంగ అడ్మిషన్ లెటర్ల వల్ల వందల మందికి దేశం వదలమని నోటీసులొస్తే, మిస్సిసాగాలో రోడ్డు పక్క రోజుల తరబడి ధర్నా కూకున్నారు. జూన్‌లో సర్కారు దిగొచ్చినాది, మోసపోయినోళ్ళని ఉండనిచ్చింది. 2024 మేలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో రూలు నడి మధ్యలో మార్చితే మన దేశపు కార్మికులు నిరాహార దీక్ష చేసినారు. ఇవన్నీ గెలవలేదు. కానీ "మేము అతిథులం, నోరెత్తకూడదు" అన్న భయం పోనాది.

ఎల్లాలనుకునేవోళ్ళకి ఇప్పటి రూలు కొంచెం చెప్తాను, ఎందుకంటే కన్సల్టెన్సీ ఇది ఆఖర్న చెప్తాది. 2024 నవంబరు నుంచి కాలేజీ డిప్లొమా చేసినోళ్ళకి చదువయ్యాక వర్క్ పర్మిట్ రావాలంటే, ఆ కోర్సు ఆళ్ళు ప్రకటించిన జాబితాలో ఉండాలి: వైద్యం, వ్యవసాయం, సాంకేతికం, వడ్రంగం, వెల్డింగ్ లాంటి చేతి పనులు, రవాణా వగైరా. ఏదో మేనేజ్‌మెంట్ డిప్లొమా అని చేర్పిస్తే ఫీజు మిగలదు, పర్మిటూ రాదు. యూనివర్సిటీ డిగ్రీకి ఈ కోర్సుల జాబితా లేదు. ప్రభుత్వ యూనివర్సిటీలో మాస్టర్స్, పీహెచ్‌డీకి 2026 జనవరి నుంచి పరిమితి లెక్క కూడా లేదు. 2023 డిసెంబరు నుంచి ప్రతి అడ్మిషన్ లెటరూ నిజమో కాదో కాలేజీని కెనడా సర్కారే అడుగుతాది. దొంగ లెటర్ ఇంక నడవదు, అది పట్టుబడితే పోయేది ఏజెంటు పేరు కాదు, మీ పేరు.

మరి మన వైపు? కూలి పనికి విదేశం పంపే ఏజెంట్లకి 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. చదువుకి పంపే కన్సల్టెన్సీ ఆ చట్టంలోకి రాదు. పంజాబ్‌లో 2012లో చట్టం చేసి ఇలాంటోళ్ళందరికీ లైసెన్స్ పెట్టినారు. దాన్నీ తప్పించుకునేవోళ్ళు ఉన్నారు గానీ, కనీసం కేసు పెట్టడానికి ఒక కాగితం ఉన్నాది. మన కాడ? మేడ మెట్ల మీద బోర్డు పెట్టేవోడు విద్యార్థి కాడ ఎంత తీసుకున్నాడు, అటు కాలేజీ కాడ కమీషన్ ఎంత తీసుకున్నాడు, వీసా రాకపోతే ఎంత వెనక్కివ్వాలి, ఇవన్నీ రాసి చూపించమని అడిగే రూలు కావాలి. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు గ్రామ సభకొచ్చినప్పుడు రోడ్డు, డ్రెయిన్‌తో పాటు ఇదీ అడగొచ్చు. రంగం మేస్త్రీ లెక్క రాసి చూపించలేదు. ఈడి చేతిలో కంప్యూటరుంది, రసీదు ఇవ్వడానికి ఏటి కష్టం?